టేపు 122 దగ్గరే ఆగింది

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, శాఖ, పని జరిగిన చోటు తీసేసి, ఆమె చెప్పింది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకి 29 ఏళ్లు. పోటీ పరీక్ష రాసి ఒక ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా చేరి మూడేళ్లయింది. నాన్న తాపీమేస్త్రి. గాజువాక, పెందుర్తి వైపు ఇళ్లు కట్టి ఆమెను బీటెక్ చదివించారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, రెండేళ్ల పాప, మధురవాడలో కొన్న ఫ్లాటుకి నెలనెలా ఈఎంఐ.

కొండవాలులో ఉన్న ఒక కాలనీ పక్కన గెడ్డ (వాగు) గట్టుకి, మట్టి జారకుండా కడుతున్న రిటైనింగ్ వాల్ పని ఆమెది. పునాది కాంక్రీటు పోసిన రోజు పాపకి జ్వరమని సెలవు పెట్టారు. తిరిగొచ్చేసరికి మట్టి కప్పేశారు. డ్రాయింగులో పునాది లోతు 1.5 మీటర్లు. 0.9 దగ్గరే ఆపేశారని వర్క్ ఇన్‌స్పెక్టర్ చెవిలో చెప్పాడు. ఆమె పైఅధికారి డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) మాత్రం "డ్రాయింగులో ఎంతుందో అంత రాసెయ్యమ్మా, బిల్లు ఆగిపోద్ది" అన్నారు. ఆమె పని కొలతలు రాసే ఎం-బుక్‌లో 1.5 అని రాసి సంతకం పెట్టారు. మొదటి పార్ట్ బిల్లు పాసయింది.

సంక్రాంతికి కాంట్రాక్టరు మనిషి ఇంటికొచ్చి మాడుగుల హల్వా డబ్బా ఇచ్చి వెళ్లాడు. డబ్బా అడుగున కవరు, అందులో 25,000 రూపాయలు. వచ్చి తీసుకెళ్లమని కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే "పండగ కదా మేడం, ఏటవుద్ది" అని నవ్వాడు. ఆమె మళ్లీ అడగలేదు. కవరు ఇంకా బీరువాలోనే ఉంది. "నువ్వు అడగలేదు కదా, అందరూ తీసుకునేదే" అంటున్నారు భర్త.

ఇప్పుడు ఫైనల్ బిల్లు వచ్చింది. గోడ పొడవు 140 మీటర్లని రాయమంటున్నారు. ఆమె టేపు వేస్తే 122. రాయనంటే "పాడేరు అవతలకి వెళ్తావేంటి" అని డీఈ నవ్వుతూనే బదిలీ మాట అన్నారు. ఆ ఆఫీసులో ప్రతి బిల్లు మీదా ఎవరి పర్సంటేజీ వాళ్లకి ఉందని, అది అందరికీ తెలిసిందేనని రాశారు. ఈమధ్య ఒక ఆదివారం నాన్న మనవరాలిని ఎత్తుకుని ఆ గోడ దాకా నడిచి, కాసేపు చూసి, "ఇది ఎవరు కట్టారమ్మా?" అని అడిగారట. ఆమె మాట మార్చేశారు.

చివర్లో అడిగింది ఇది: "ఏసీబీకి ఫోన్ చేయనా? ఉద్యోగం మానేయనా? అందరిలా సంతకం పెట్టేసి ఊరుకోనా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేనూ ఎం-బుక్కులు రాసి రిటైరైనవాణ్ణే కాబట్టి మీరు రాయని కొన్ని సంగతులు కూడా అర్థమయ్యాయి. మీరు అంతా కలిపి "అవినీతి" అని ఒకే మూట కట్టారు. అందులో మూడు వేరువేరు వస్తువులున్నాయి. మీ ముందున్న ఫైనల్ బిల్లు ఒకటి. ఆఫీసులో నడిచే పర్సంటేజీలు ఒకటి. బీరువాలో ఉన్న కవరు ఒకటి. దేనికి మందు దానిదే. మీరు మొదటి రెండింటి గురించి మూడు పేజీలు రాసి, కవరు గురించి ఐదు వాక్యాలు రాశారు. నిద్ర చెడగొడుతున్నది ఆ ఐదు వాక్యాలేనని నా అనుమానం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అడగలేదు కదా అని మీవారు అంటున్నది చట్టం ముందు నిలవదు. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది, 2018లో సవరించారు. లంచం తీసుకున్న ఉద్యోగికి ఏడో సెక్షన్ కింద మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష. ఉద్యోగి నోరు తెరిచి అడగకపోయినా, ఎదుటివాడు ఇస్తే పుచ్చుకుంటే అదీ నేరమేనని 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది. బలవంతం మీద లంచం ఇచ్చినవాడు ఏడు రోజుల్లోగా పోలీసులకో ఏసీబీకో చెబితే అతనికి మినహాయింపు ఉంది. కానీ అది ఇచ్చినవాడికి. తీసుకున్నవాళ్లకి అలాంటి గడువేదీ లేదు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. "ఏసీబీకి ఫోన్ చేయనా" అని అడిగారు కాబట్టి, ఆ ఫోన్ చేసే మనిషి చేతిలో ఏముందో ముందు చూసుకోవాలి.

మీకు అనుకూలంగానూ ఒకటుంది. తీసుకెళ్లమని మీరు ఫోన్ చేశారు. ఆ కాల్ వివరాలు, దాని ముందూ వెనకా వాట్సాప్‌లో ఏమైనా నడిచి ఉంటే అవి, చెరపకండి. కవర్లోని నోట్లు ఖర్చు పెట్టకండి, మార్చకండి. కాంట్రాక్టరుని పిలిచి ఒంటరిగా తిరిగిచ్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఇచ్చినట్టు సాక్ష్యం ఉండదు, పుచ్చుకున్నానని అతను ఎప్పుడూ ఒప్పుకోడు. పైగా రేపు మీరు బిల్లు ఆపితే "మేడంగారు ఇంకా ఎక్కువ అడిగారు" అని చెప్పడానికి అతనికి కథ సిద్ధంగా ఉంటుంది. అలాగని అట్టే పెట్టుకుంటే రోజు గడిచేకొద్దీ అది మీ డబ్బు అయిపోతుంది. అందుకని ఎవరికీ ఉత్తరం రాయకముందే, ఏ ఆఫీసు మెట్లూ ఎక్కకముందే, విశాఖ ఏసీబీ కోర్టులో కేసులు చూసే ఒక క్రిమినల్ లాయరుని కలవండి. మీ శాఖ వాళ్లకి బాగా పరిచయమున్న లాయరు వద్దు. జరిగింది జరిగినట్టు, తేదీలతో చెప్పండి. కవరు సాక్షుల ముందు తిరిగి ఇవ్వాలా, పై అధికారికి రాతపూర్వకంగా అప్పగించాలా, నేరుగా దర్యాప్తు సంస్థకే చెప్పాలా అన్నది ఆయన సలహా మీద తేలాల్సిన సంగతి. మూడింటికీ ప్రమాదాలున్నాయి. ఏదీ చేయకపోవడమే అన్నింటికంటే ప్రమాదం.

ఇప్పుడు బిల్లు. ముందు ఒక మాట, కోపం తెచ్చుకోకండి. మీరే పొరబడే అవకాశం ఎంత ఉందో చూసుకోండి. గోడ చివర్లలో వెనక్కి తిరిగే రిటర్న్ వాల్స్ ఉన్నాయా? కల్వర్టు దగ్గర పక్కకి విచ్చుకునే వింగ్ వాల్ కలిపారా? గెడ్డ వంపు తిరిగిన చోట మీ టేపు అడ్డదారిన పోయిందా? డ్రాయింగు మధ్యలో మారి, ఆ మార్పులు చూపే డీవియేషన్ స్టేట్‌మెంట్ ఏదైనా ఆమోదం పొందిందా? పునాది సంగతీ అంతే. మన కొండలు ఖోండలైట్ రాయి. మూడడుగులు తవ్వేసరికి గట్టి రాయి తగిలి అక్కడ ఆపడం న్యాయమే కావచ్చు. అప్పుడు తప్పు 0.9 దగ్గర ఆపినందుకు కాదు, 1.5కి డబ్బులిచ్చినందుకు. గోడ పడిపోతుందా, డబ్బు మాత్రమే పోయిందా అన్నది ఈ తేడాలోనే ఉంది. మీ ఉత్తరంలో అది లేదు. రాయి మీద ఆపారా, మట్టి మీద ఆపారా అని వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని అడిగారా?

ఇవన్నీ చూశాక కూడా 122 అయితే 122 రాయండి. కొలత రాసే పెన్ను మీది. చెక్ మెజర్‌మెంట్ చేసి దిద్దే అధికారం డీఈకి ఉంది. ఆయనకి 140 కనిపిస్తే ఆయన చేత్తో, ఆయన సంతకంతో, తేదీ వేసి దిద్దుకోవచ్చు. చాలామంది ఆ పని చేయరు. అందుకే ఇన్ని మాటలతో మీ చేత రాయించాలని చూస్తారు. గోడ పడ్డాకో, ఎవరైనా ఫిర్యాదు చేశాకో విజిలెన్స్ వాళ్లు వస్తే మొదట అడిగేది ఎం-బుక్. అప్పుడు పైవాళ్లందరూ చెప్పేది ఒకటే: "ఏఈ కొలతల ఆధారంగా పాస్ చేశాం." ఇది ఊహించి చెప్పడం లేదు, పక్క గదిలో కూర్చుని విన్నాను.

మీకు తెలిసి కూడా ఈ గాభరాలో మర్చిపోయిన సంగతి ఒకటుంది. మొదటి బిల్లులో రాసిన తప్పుడు లోతు ఇంకా దిద్దుకోవచ్చు. మన బిల్లులు మొదటి నుంచి ఇప్పటిదాకా జరిగిన మొత్తం పరిమాణం రాసి, అందులోంచి ఇదివరకు చెల్లించింది తీసేసి కట్టేవి. ఫైనల్ బిల్లు కాలేదు కాబట్టి, అసలు పరిమాణం రాస్తే ఎక్కువ ఇచ్చింది అందులోనే సర్దుబాటవుతుంది. అయితే కప్పేసిన పునాదిని మీరు ఒక్కరే "తక్కువ" అంటే చెల్లదు. డీఈ పైనున్న ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు)కి ఒక ఉత్తరం పెట్టండి. పునాది పోసిన రోజు నేను సెలవులో ఉన్నందున కొలత స్వయంగా చూడలేదని, డ్రాయింగు ప్రకారం నమోదు చేశానని, ఫైనల్ బిల్లుకి ముందు క్వాలిటీ కంట్రోల్ వారి సమక్షంలో మూడు చోట్ల ట్రయల్ పిట్స్ తవ్వించి లోతు చూడాలని, గోడలోంచి ముక్క తీసి చూసే కోర్ టెస్ట్ చేయించాలని. ఎవరినీ దొంగ అనకండి, ఒక్క విశేషణం వాడకండి. ఈ ఉత్తరంతో మీ తప్పు మీరే ఒప్పుకుంటున్నారు కాబట్టి దీన్నీ లాయరుకి చూపించి పంపండి. మెమో రావచ్చు. మెమో గోడ కూలాక వచ్చే సస్పెన్షన్ లాంటిది కాదు.

క్యూబ్ రిపోర్టులు (విడిగా పోసిన కాంక్రీటు దిమ్మల పరీక్ష ఫలితాలు) బాగున్నాయి కదా అని ఎవరైనా అంటే నమ్మకండి. క్యూబులకి వేరే మాలు కలపడం ఎంత పాత విద్యో మీకు చెప్పక్కర్లేదు. కోర్ మాత్రం గోడలోంచే వస్తుంది.

డీఈ మాటలన్నీ ఫోన్లోనే నడుస్తాయి, కాగితం మీదకి రావు. ప్రతి కాల్ తర్వాత మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి: "సార్, ఫైనల్ బిల్లు గురించి ఇప్పుడు మాట్లాడారు. సైట్‌లో పొడవు 122 వచ్చింది. తేడా ఎక్కడుందో సైట్‌లో చూపిస్తే మళ్లీ కొలుస్తాను." ఆయన జవాబివ్వరు. ఇవ్వకపోయినా మీరు అడిగినట్టు ఉంటుంది. ఎం-బుక్ పేజీలు ఇంటికి తీసుకెళ్లడం, ఫోటోలు తీసి బయటివాళ్లకి పంపడం మాత్రం చేయకండి. అది ప్రవర్తనా నియమాల కింద మీ మీదే కేసవుతుంది. మీ సొంత డైరీలో ఏ రోజు ఏం కొలిచారో రాసుకోండి, చాలు.

ఇలా చేస్తే ఏమవుతుంది? బిల్లు ఆగుతుంది. కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరుగుతాడు. కొన్నాళ్లకి ఆ పని మీ దగ్గర్నుంచి తీసి ఇంకో ఏఈకి ఇవ్వొచ్చు. ఇస్తే మీ కొలతలు, మీ ఉత్తరం ఫైల్లో ఉండగానే చార్జి అప్పగించండి, అప్పగింత కాగితంలో ఆ ఉత్తరం ప్రస్తావన ఉండేలా చూసుకోండి. బదిలీ కూడా రావచ్చు. పాడేరు వైపు నేను రెండేళ్లు చేశాను. అడవి అందంగా ఉంటుందని చెప్పి మిమ్మల్ని ఓదార్చను. రెండేళ్ల పాపతో వర్షాకాలంలో అక్కడ ఉండటం నిజంగానే కష్టం. జ్వరం వస్తే ఘాట్ రోడ్డు దిగాలి. ఇద్దరూ కూర్చుని, బదిలీ అయితే పాప ఎవరి దగ్గర, ఈఎంఐ ఎలా అని ఇప్పుడే కాగితం మీద వేసుకోండి. లెక్క వేసుకుంటే భయం కొంచెమైనా అదుపులోకి వస్తుంది. బెదిరింపు పని చేసేది మనం లెక్క వేయనంత కాలమే.

సెలవు పెట్టేసి తప్పించుకోవచ్చు కదా అంటే, చేయొచ్చు. చాలామంది చేస్తారు. 140 ఇంకొకరు రాస్తారు. 1.5 మాత్రం మీ చేతిరాతలో అలాగే ఉంటుంది. ఉద్యోగం మానేసినా అంతే.

సంతకం పెట్టేసి ఊరుకోవడం గురించి నా సంగతి చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విశాఖలోనే పనిచేస్తున్నాను. రోడ్ల నిండా చెట్లు, స్తంభాలు, రేకులు. లారీలు రాత్రీ పగలూ తిరిగాయి. ఎన్ని ట్రిప్పులో ఎవరూ లెక్కపెట్టలేదు. తర్వాత బిల్లు వచ్చినప్పుడు పైనుంచి చెప్పిన అంకెకి నేను సంతకం పెట్టాను. అప్పుడు డబ్బు తీసుకోలేదు, కానీ అంకె తప్పని తెలుసు. ఏమీ కాలేదు. ఎంక్వయిరీ రాలేదు, ఎవరూ అడగలేదు. మరుసటి ఏడాది ఇంకో ఫైలు వచ్చినప్పుడు "అప్పుడు పెట్టారు కదా సార్" అన్నారు. అంతే జరిగింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఇక పర్సంటేజీలు. వీటిని మీరొక్కరే ఆపగలరని నేను చెప్పను. కానీ అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో మీ గోడలోనే కనిపిస్తోంది. ఉదాహరణకి 100 రూపాయల ఎస్టిమేట్‌కి కాంట్రాక్టరు 18 శాతం లెస్ (తక్కువకి టెండరు) వేశాడనుకోండి. చేతికొచ్చేది 82. అందులో ఆఫీసుకి ఎనిమిదో తొమ్మిదో, అతని లాభం పదో పన్నెండో పోతే గోడకి మిగిలేది అరవై చిల్లర. అరవైతో వంద రూపాయల గోడ లేవదు. మీ 18 మీటర్ల తేడా 140లో దాదాపు 13 శాతం. పునాదిలో మిగిల్చింది 40 శాతం. మీ బీరువాలోని కవరు వచ్చింది అతని జేబులోంచి కాదమ్మా, ఆ గోతిలోంచి.

ఏసీబీకి 1064 నంబరుంది. అయితే జనం ఏసీబీ అనగానే అనుకునే ట్రాప్ మీ కేసుకి కుదరదు. నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి పూసి, తీసుకున్నవాడి చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే గులాబీ రంగు తేలే ఆ తతంగం, ఎవరైనా డబ్బు అడిగినప్పుడు. మిమ్మల్ని అడుగుతున్నది డబ్బు కాదు, సంతకం. ట్రాప్‌కి ఫిర్యాదుదారు కావాల్సింది కాంట్రాక్టరు. అతనికి ఈ ఏర్పాటుతో ఇబ్బంది లేనంత కాలం అతను వెళ్లడు. మీ సమస్యకి దగ్గరగా ఉన్నది విజిలెన్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్. వాళ్ల దగ్గర ఇంజనీర్లుంటారు, గోతులు తవ్వి చూస్తారు, విశాఖలో ప్రాంతీయ కార్యాలయం ఉంది. లోకాయుక్తకీ రాయొచ్చు. ఒక విషయం తెలిసి వెళ్లండి. అధికార హోదాలో తీసుకున్న నిర్ణయాల మీద అవినీతి చట్టం కింద పోలీసు విచారణ మొదలవ్వాలంటే 2018 సవరణ తర్వాత ముందస్తు అనుమతి కావాలి. అక్కడికక్కడే పట్టుకునే ట్రాప్ కేసులకి అది అక్కర్లేదు. అంటే మీ ఫిర్యాదు ఆలస్యంగా కదులుతుంది, ఆ ఆలస్యంలో మీరు అదే ఆఫీసులో కూర్చోవాలి.

పేరు లేకుండా రాస్తే అనుకుంటున్నారేమో. 0.9 అన్న అంకె తెలిసింది మీకు, వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి, కాంట్రాక్టరు మనుషులకి. ఆ అంకె ఉన్న ఆకాశరామన్న ఉత్తరం ఎవరిదో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. అంకె లేకపోతే ఆ ఉత్తరానికి విలువుండదు. జాతీయ రహదారుల ఇంజనీరు సత్యేంద్ర దూబే స్వర్ణ చతుర్భుజి పనుల్లో అక్రమాల గురించి నేరుగా ప్రధాని కార్యాలయానికి రాశారు, తన పేరు బయటపెట్టొద్దని కోరారు. ఉత్తరం పేరుతో సహా ఫైళ్లలో తిరిగింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. దొరికిన వాళ్లది దోపిడీ కేసని దర్యాప్తులో తేల్చారు, చాలామంది నమ్మలేదు. ఆ తర్వాత 2004లో కేంద్ర ఉద్యోగుల మీద వచ్చే ఫిర్యాదులకి గోప్యత ఇచ్చే తీర్మానం వచ్చింది, అది మీకు వర్తించదు. ఫిర్యాదు చేసినవాళ్లకి రక్షణ ఇవ్వాలని 2014లో పార్లమెంటు చేసిన చట్టం అమల్లోకి రాకుండా కాగితం మీదే ఉంది. మీ గోడ అంత పెద్ద వ్యవహారం కాదు, ప్రాణభయం ఉందని నేననను. రహస్యం మీద ఆధారపడే ప్లాన్ వేసుకోవద్దంటున్నాను. ఫైల్లో, మీ పేరుతో, మీ ఉద్యోగంలో భాగంగా రాసిన ఉత్తరానికి ఉన్న రక్షణ ఆకాశరామన్నకి లేదు.

మీవారి చేత సమాచార హక్కు దరఖాస్తు పెట్టించాలన్న ఆలోచన కూడా ఉత్తరంలో ఒక మూల కనిపించింది. వద్దు, ఇంటిపేరు చూడగానే పట్టేస్తారు. ఆ కాలనీవాళ్లు ఎవరైనా వాళ్లంతట వాళ్లు అడిగితే మాత్రం అడ్డుపడకండి. 2005 చట్టం కింద కాగితాలే కాదు, పనిని తనిఖీ చేయడానికి, సామగ్రి శాంపిల్ తీసుకోవడానికి కూడా పౌరుడికి హక్కుంది. జవాబుకి గడువు 30 రోజులు.

ఆఫీసులో అందరూ ఒకటే అని రాశారు. అలా ఉండదు. పర్సంటేజీ ముట్టని గుమస్తా ఒకరైనా ఉంటారు, సాధారణంగా ఆయన్నెవరూ పట్టించుకోరు. ఏ కాగితం ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వెతకండి.

ఇంకొకటి. భర్త ఏమన్నారో, డీఈ ఏమన్నారో, బ్యాచ్‌మేట్లు ఏమన్నారో అన్నీ రాశారు. నాన్నని మాత్రం అడగలేదు. ఆయన ముప్పై ఏళ్లు గోడలు కట్టిన మనిషి. గోడ చూసి ఊరికే ఆ ప్రశ్న అడిగి ఉండరు. కవరు సంగతి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. గోడ సంగతి మాత్రం అడగండి. ఎక్కడ అనుమానం వచ్చింది, ఏ చోట గొయ్యి తీస్తే తెలుస్తుంది అని. మీ మూడు ట్రయల్ పిట్లు ఎక్కడ పెట్టాలో క్వాలిటీ కంట్రోల్ వాళ్లకంటే ఆయనే బాగా చెప్పగలరు.

ఈ వారం లాయరు దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత మళ్లీ ఒకసారి టేపు వేయండి, రెండో కొస వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని పట్టుకోమనండి, తేదీ రాసుకోండి. ఈఈకి ఉత్తరం వానలకి ముందే వెళ్లాలి. జూన్ వచ్చి గెడ్డ నిండిందంటే మూడడుగుల కింద ఏముందో చూడ్డానికి మళ్లీ కార్తీకం దాకా ఎవరూ గొయ్యి తీయలేరు.